ఈతపుట్టు రాని మూడు సంతలు

బంట్రోతు అక్కర్లేదన్నది నేనే. ఆ మాట నన్నెవరూ అడగలేదు.

1926 జనవరి మూడో వారం. కొండ దిగువన మా తాలూకా బోర్డు సమావేశం జరుగుతోంది. అంతకు ముందు అక్టోబరు వానలకు ఘాటు రోడ్డు మీద రెండు వంతెనలు కొట్టుకుపోయాయి. పైనుంచి రావలసిన గ్రాంటు ఆ ఏడు సగమే వచ్చింది. వంతెనలు కట్టాలంటే మిగతా పనుల్లో కొన్ని ఆపాలి. ఏవి ఆపాలన్నదాని మీద పొద్దుటినుంచి మాట్లాడుతున్నారు. సత్రం మూసేశారు. రెండు బడుల్ని ఒకటి చేశారు. సాయంత్రం నాలుగింటికి కొండ మీద టీకాల సంగతి వచ్చింది. వరండాలో నిలబడ్డ నన్ను లోపలికి పిలిచారు.

ఘాటు రోడ్డు ఎక్కాక వచ్చే సంత ఊరు నిమ్మలగరువు. అక్కడ ఉంటూ చుట్టూ ఉన్న ముప్పైయెనిమిది ఊళ్లకు మశూచి టీకాలు వేయడం నా ఉద్యోగం. ఒక్కో ఊరికీ నడిచి వెళ్లాలి. అన్నీ తిరిగి రావడానికి మూడేళ్లు పట్టేది. నేను సాలూరు మిషను బడిలో చదువుకుని ఆ ఉద్యోగంలో చేరి అప్పటికి రెండున్నరేళ్లు. నా మొదటి చుట్టు ఇంకా పూర్తి కాలేదు. తొమ్మిది ఊళ్లు మిగిలి ఉన్నాయి.

"ఏమయ్యా ఎలీయేజరూ," అన్నారు ప్రెసిడెంటు ధనరాజు గారు. "నువ్వూ, నీకో బంట్రోతూ, ఇద్దరికీ బత్తాలూ. కొండ మీద టీకాలు ఆపేస్తే ఏమవుతుంది?"

"మశూచి వస్తుందండి."

"ఇప్పుడు రావడం లేదా?"

ఆయన ఎగతాళికి అడగలేదు. తెలుసుకోవడానికే అడిగారు. సమాధానం సరిగ్గా లేకపోతే నా ఉద్యోగం ఆ బల్ల మీదే పోతుందని నాకు అర్థమైంది. ఇంటి దగ్గర నా భార్య లిదియా ఉంది. మిషను వాళ్లు ఆమె చేత నడిపిస్తున్న చిన్న బడి ఉంది. నేను కొండ దిగితే ఆమె కూడా బడి వదిలేసి దిగాలి.

"ఊళ్లు తిరగడం మానేసి సంతలో కూర్చుంటానండి," అన్నాను. "బుధవారం సంతకి ముప్పైయెనిమిది ఊళ్లూ వస్తాయి. మూడేళ్ల పని ఏడాదిలో అయిపోతుంది. బత్తా అక్కర్లేదు."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు బాగుంది.

"బంట్రోతు కూడా అక్కర్లేదండి," అన్నాను.

"బుర్ర అంటే ఇదీ," అన్నారు ధనరాజు గారు, పక్కనున్న సభ్యుడితో.

*

బంట్రోతు పేరు సోంబరు. ఏభై ఏళ్లుంటాయి. చిన్నప్పుడు మశూచి వచ్చి బతికినవాడు, ముఖమంతా మచ్చలు. నా ముందు పనిచేసిన ఇద్దరి దగ్గరా, నా దగ్గరా కలిపి పద్నాలుగేళ్లు పనిచేశాడు. టీకా మందు గొట్టాల్ని తడి గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకుని నా ముందు నడిచేవాడు. అతని పని పెట్టె మొయ్యడం అనే నేను అనుకునేవాణ్ణి. సంత రోజు మాత్రం ఏ పనీ చెయ్యకుండా పొగాకు నములుతూ ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగేవాడు. దానికి ఒకటి రెండు సార్లు కేకలేశాను కూడా.

నేను కొండెక్కి వచ్చేసరికి మా అరుగు మీద కూర్చుని తడి గుడ్డలు ఉతుకుతున్నాడు. లిదియా గుమ్మంలో ఉంది.

"సోంబరూ, బోర్డు వాళ్లు నీ ఉద్యోగం తీసేశారు," అన్నాను.

బోర్డు వాళ్లు అన్నాను. అది అబద్ధం కాదు.

"మరి నీదో?" అన్నాడు.

"నాది ఉంది."

"అదే నయం. ఇద్దరిదీ పోతే అమ్మ పొయ్యి మీద ఏటెడతాది?" అని లిదియా వైపు చూసి నవ్వాడు. లిదియా నవ్వలేదు.

సంత సంగతి చెప్పాను. ఇక నడక ఉండదని, జలగల బాధ కూడా ఉండదని అన్నాను. నాకు జలగలంటే భయమని అతనికి తెలుసు.

"సంతలో జెలగలుండవనుకుంటన్నావేటి?" అన్నాడు. "తూకం రాళ్లట్టుకుని కూకుంటాయి బాబూ. సూసి అడుగెయ్యి."

ఈసారి లిదియా నవ్వింది. అతను గుడ్డ పిండుతూ అన్నాడు: "వొచ్చే నెల ఈతపుట్టు ఎల్తామనుకున్నాం. మా బుద్రికి ఏయించాల."

ఈతపుట్టు నిమ్మలగరువుకి నాలుగు కోసుల పైన ఉంది. సోంబరు కూతురు గంగని ఇచ్చిన ఊరు. బుద్రి గంగ కూతురు. మూడేళ్లది. టీకాలవాళ్లు కిందటిసారి ఆ ఊరు వెళ్లినప్పటికి పుట్టలేదు.

"సంతకి తీసుకురా. మొదటి టీకా దానికే వేస్తాను."

"సంతకి సిన్న గుంటల్ని తేరు బాబూ. సంతలో ఊరూరి కళ్లూ ఉంటాయి. రోడ్డు పక్కోళ్లు తెత్తారు, పైనోళ్లు తేరు."

"చాటింపు వేయిస్తాం. తెస్తారు."

"తెత్తే మంచిదే. ఇంకోటి బాబూ, సంత నాడు నాను..."

"సోంబరూ, ఈవేళే కాగితం రాసి పంపాలి. తర్వాత చెబుదువు గాని."

నిజానికి కాగితం మర్నాడు పంపినా సరిపోయేది. అతని ఎదుట నిలబడలేక అలా అన్నాను. అతను ఇంకాస్సేపు ఉన్నాడు. గుడ్డలు తీగ మీద ఆరేశాడు. మధ్యాహ్నం ఈతపుట్టు వెళ్లిపోయాడు, కూతురి దగ్గర ఉండడానికి.

"బంట్రోతు అక్కర్లేదని ఎవరన్నారండీ?" అని అడిగింది లిదియా.

"ప్రెసిడెంటు గారు," అన్నాను. ఇది అబద్ధం.

*

సంతలో పని బాగా నడిచింది. బల్ల, కుర్చీ వేసుకుని ఉప్పు అమ్మే నూకరత్నం పక్కన కూర్చునేవాణ్ణి. నూకరత్నం పాచిపెంట వైపునుంచి ఎడ్ల మీద ఉప్పు తెచ్చేది. కొండ మీద అందరికీ ఆమె తెలుసు, ఆమెకి అందరూ తెలుసు.

"టీకాల బాబూ, ఆ గుంటల్ని అటు తిప్పి ఏడిపించు," అని కేకేసేది. "ఆళ్ల కన్నీళ్లకి నా ఉప్పు కరిగిపోతంది."

మొదటి ఎనిమిది సంతల్లో వేసిన టీకాలు అంతకు ముందు ఏడాదంతా వేసినవాటికంటె ఎక్కువ. బోర్డునుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. అయితే నా ముందు చేయి చాపినవాళ్లలో సగం మందికి పాత టీకా మచ్చలున్నాయి. మిగిలిన సగంలో చాలామంది రోడ్డు పక్క ఊళ్లవాళ్లు. సోంబరు చెప్పినట్టే పై ఊళ్ల ఆడవాళ్లు పిల్లల్ని తేలేదు. బుద్రిని కూడా తేలేదు. గంగ ఒకసారి ఒంటరిగా వచ్చి ఉప్పు కొనుక్కుని, నన్ను చూసి తల వంచుకుని వెళ్లిపోయింది. ఇదంతా నేను చూశాను. ఉత్తరం లిదియాకి చదివి వినిపించాను.

ఏప్రిల్ మొదటి బుధవారం ఈతపుట్టునుంచి ఎవరూ సంతకి రాలేదు. నేను గమనించాను. ఇప్పపువ్వు రాలే రోజులు. తెల్లవారకముందే అడవికి వెళ్లి ఏరకపోతే జింకలు తినేస్తాయి. డైరీలో "ఈతపుట్టు వారు రాలేదు. ఇప్పపువ్వు పని" అని రాశాను. నన్ను ఎవరూ కారణం రాయమనలేదు. రాస్తే డైరీ నిండుగా ఉంటుందని రాశాను.

రెండో బుధవారం కూడా రాలేదు. ఆ సాయంత్రం సంత విడిపోతుండగా లిదియా నూకరత్నం దగ్గర ఉప్పు కొనుక్కుని బల్ల దగ్గరకి వచ్చింది.

"ఏమండీ, ఈతపుట్టు వాళ్లు రెండు సంతలనుంచీ ఉప్పుకి రాలేదట."

"పువ్వు ఏరుతున్నారు."

"ఊరంతానా? ముసలివాళ్లూ, గర్భిణీలూ కూడానా?"

నూకరత్నం మూట కడుతూ అందుకుంది. "బట్ట నేకపోతే పాతది కట్టుకుంటారు. పొగాకు నేకపోతే తిట్టుకుంటా ఉంటారు. ఉప్పు నేకుండా రెండు వారాలు ఎవులుంటారు బాబూ? నా పాతికేళ్ల యాపారంలో సూడనేదు."

"వెళ్లి చూసి రండి," అంది లిదియా.

"రేపు పొద్దున్నే వెళ్తాను," అన్నాను. అప్పుడు ఆ మాట నిజంగానే అన్నాను.

మర్నాడు పొద్దున్న నేను బయల్దేరబోతుంటే దిగువనుంచి మనిషి వచ్చాడు. వచ్చే బుధవారం ప్రెసిడెంటు గారు సంతలో టీకాలు చూడడానికి వస్తున్నారు, పక్క బోర్డునుంచి ఒక సభ్యుణ్ణి కూడా తీసుకొస్తున్నారు, ఆ రోజుకి పిల్లల తల్లులు బాగా వచ్చేలా చూడమని ఉత్తరం. నేను పెట్టె కింద పెట్టాను.

ఈతపుట్టు వెళ్లి రావడానికి ఒక రోజు చాలు. ఆ వారంలో నాకు ఆరు రోజులు ఉన్నాయి. ఆ ఆరు రోజులూ రోడ్డు పక్క ఊళ్లకి వెళ్లి, బుధవారం తప్పకుండా రమ్మని తల్లులకి చెప్పాను. లిదియా రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ "బుధవారం కానీ" అన్నాను. మూడోసారి అడగలేదు.

*

ఆ బుధవారం నా బల్ల ముందు ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు. ధనరాజు గారు గొడుగు కింద నిలబడి చూశారు. పక్క బోర్డు సభ్యుడు అడిగింది ఒక్కటే.

"పై ఊళ్లవాళ్లు కూడా వస్తున్నారా?"

"వస్తున్నారండి," అన్నాను.

"ఎంత సులువో చూడండి," అన్నారు ధనరాజు గారు. "మనం ఇన్నాళ్లూ మనిషిని ఊళ్ల వెంట తిప్పాం. ఊళ్లే మనిషి దగ్గరకి వస్తుంటే ఖర్చేముంది? ఇది నా ఆలోచన కాదు సుమండీ. ఇతనిదే. బంట్రోతు కూడా అక్కర్లేదని ఇతనే అన్నాడు."

లిదియా వాళ్లకి మజ్జిగ తెచ్చి అక్కడే నిలబడి ఉంది. గ్లాసులు ఇచ్చేసి బడికి వెళ్లిపోయింది.

ఈతపుట్టునుంచి ఎవరూ రాలేదు. అది మూడో సంత.

అతిథులు దిగువకి వెళ్లాక నేను ఇంటికి వచ్చాను. లిదియా టీకా మందు గొట్టాల్ని తడి గుడ్డలో చుడుతోంది. ఆ పని ఆమె ఎప్పుడూ చెయ్యలేదు.

"ప్రెసిడెంటు గారన్నారని చెప్పారు నాకు," అంది.

"అవును."

"ఆయన మీరన్నారంటున్నారు."

ఆమె పెట్టె మూసి నా ముందు పెట్టింది.

"రేపు తెల్లారగానే వెళ్లండి," అంది.

*

దారిలో నేను పెట్టె మొయ్యడం అదే మొదటిసారి. నాలుగు కోసులు ఎక్కేసరికి ఎండ పడింది. ఈతపుట్టు పొలిమేర ఏటి దగ్గర దారికి అడ్డంగా రేగు కంప వేసి ఉంది. దాని మీద వేపమండలు కట్టి ఉన్నాయి. అవి ఎప్పుడో వాడి ఎండిపోయాయి.

"కంప దాటకు బాబూ," అని అవతలినుంచి వినపడింది. సోంబరు పనసచెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చాడు.

"ఎన్నాళ్లయింది?" అని అడిగాను.

"తల్లి ఊళ్లోకొచ్చి మూడు సంతలయ్యింది. ముందు ఓ ముసిలోడికి దిగింది. అల్లప్పుడే కంప ఏసేం."

కొండ మీద మశూచిని తల్లి అంటారు, అది సోకితే తల్లి దిగిందంటారు. ఆమె ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ ఊరివాళ్లు పొలిమేర దాటరు, బయటివాళ్లని రానివ్వరు. ముహూర్తాలు చూసే దిసారి చెప్పినప్పుడే కంప తీస్తారు. ఇది నాకు ఆ రోజు వరకు తెలియదు.

"ఎవరిచేతైనా కబురు పంపలేకపోయావా?"

"ఎవుల సేత పంపుతాను? బైటికెల్లకూడదు కదా. సంతకి రానేదంటే అదే కబురు." అతను నన్ను వింతగా చూశాడు. "ఏ ఊరు రానేదో సూడ్డానికే కదా సంత నాడు నాను తిరిగీవోణ్ణి. ఆ మర్నాడు ఆ ఊరికే అట్టుకెల్లీవోణ్ణి మిమ్మల్ని. నీతో రెండు ఊళ్లు అలాగే ఎల్లేం. మరిసిపోనావేటి?"

ఆ రెండు ఊళ్లు నాకు గుర్తున్నాయి. ఒకచోట ఒకరికి, ఇంకోచోట ఇద్దరికి జ్వరం తగిలింది. ఆ ఊళ్లు సంత మానాయే గాని ఇంకా కంప వెయ్యలేదు, అంతలోనే వెళ్లాం. సరిగ్గా సమయానికి వచ్చామని అప్పుడు అనుకున్నాను. దేవుడి దయ అని లిదియాతో అన్నాను కూడా.

"ఆ రోజు సెప్దామనుకున్నాను. కాయితం రాయాలన్నావు," అన్నాడు సోంబరు. "పోనీలే. నీ అంతట నువ్వే సూసుకున్నావు. తెలిసిన్నాడే వొచ్చీసేవు. బేగి కానీ మరి."

అతను ఊళ్లోకి వెళ్లి దిసారితో మాట్లాడాడు. దిసారి కంప దగ్గరకి వచ్చి నిలబడ్డాడు, నా కాళ్లు ఇవతలే ఉన్నాయో లేదో చూడడానికి. తర్వాత తల్లులు పిల్లల్ని తీసుకొచ్చారు. అవతల నిలబడి పిల్లల చేతుల్ని కంప మీదనుంచి ఇవతలకి చాపారు. నేను ఇవతల మోకాళ్ల మీద కూర్చుని గాట్లు పెట్టాను. ఏ ముఖం ఎవరిదో సరిగా కనిపించలేదు. చేతులే కనిపించాయి. మొత్తం ఇరవైమూడు చేతులు.

సోంబరు ఒక్కొక్క పిల్లనీ గట్టిగా పట్టుకుని అందిస్తున్నాడు. గంగ రాలేదు.

"బుద్రి ఏది?" అన్నాను.

"ఈడు సెయ్యి లాగేసుకుంటన్నాడు. బేగి గీసీ."

గీశాను. మళ్లీ అడిగాను.

"ఇంట్లో పడుకున్నాది. నిన్న దిగింది దానికి." ఇంకో చేతిని కంప మీద పెట్టాడు. "నువ్వు పని కానీ బాబూ. ఎండెక్కితే ఆ మందు పాడైపోతాది."

*

ఇంటికి వచ్చి లిదియాకి చెప్పాను. ఆమె అంతా విన్నాక ఒకటే అడిగింది.

"రెండో సంతకే మనకి తెలుసని సోంబరుకి చెప్పారా?"

"లేదు."

మర్నాడు ఆమె బడికి సెలవిచ్చి నూకరత్నం దగ్గర ఉప్పు తీసుకుని ఈతపుట్టు వెళ్లింది. కంప ఇవతల ఉప్పు పెట్టి, గట్టిగా పిలిచి, వెనక్కి తిరిగి వచ్చేసింది. అలా వారానికి రెండుసార్లు వెళ్లేది. నేనూ వస్తానంటే వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఇంట్లో మాటలు అవసరానికి జరిగేవి. ఏప్రిల్ ఆఖరున ఒకరోజు వచ్చి చెప్పులు విప్పుతూ "బుద్రి పోయింది. సోమవారం," అంది. తర్వాత పిల్లల పలకలు తుడవడం మొదలుపెట్టింది.

నేను జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి దిగువకి పట్టుకెళ్లాను. ధనరాజు గారు రెండుసార్లు చదివారు.

"ఇప్పుడేమంటావు? సంతలో టీకాలు తప్పంటావా?"

"తప్పు కాదండి. బంట్రోతు ఉండాలండి."

"నువ్వే కదయ్యా అక్కర్లేదన్నావు."

"అన్నానండి."

ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. "పై వంతెనకి స్తంభాలు లేపాం. ఇప్పుడు ఆపమంటావా? అది లేకపోతే వానల్లో నీ టీకా మందు కొండెలా ఎక్కుతుంది? ఒకటి చేసిన ఆ బడిలో ఇద్దరు మేష్టర్లున్నారు, ఒకణ్ణి తీసెయ్యమంటావా? నువ్వే చెప్పు, ఏది తీసెయ్యను?"

చెప్పలేకపోయాను. అప్పుడే కాదు, ఇప్పుడూ చెప్పలేను. కానీ జనవరిలో ఆయన నన్ను అడిగింది అది కాదు. అడగని మాట నేనే ఇచ్చాను.

"వచ్చే ఏడు చూద్దాం," అన్నారాయన.

*

మే మూడో వారంలో ఈతపుట్టు కంప తీశారు. ఆ బుధవారం ఆ ఊరివాళ్లు సంతకి వచ్చారు. వాళ్లని చూసి నూకరత్నం కొలత మీద ఒక దోసెడు ఎక్కువ వేసింది. సోంబరు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. లిదియా చోడి అంబలి తెచ్చి ఇచ్చింది.

"పదకొండు మంది పోనారు," అన్నాడు. "నువ్వు గీసిన గుంటల్లో ఇద్దరే. మిగతావోళ్లు ఆడుకుంటన్నారు. ఊళ్లో అందరూ అదే అంటన్నారు. టీకాల బాబు తెలిసిన్నాడే వొచ్చీసినాడు, నేపోతే గుంటలు మిగల్రు అని."

లిదియా గుమ్మంలో నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

"తెలిసిన రోజు రాలేదు సోంబరూ," అన్నాను. "రెండో సంత నాడే తెలిసింది. లిదియా వెళ్లమంది. ప్రెసిడెంటు గారు చూడ్డానికి వస్తున్నారని ఉండిపోయాను. వారం ఆగి వచ్చాను."

అతను అంబలి ముంత కింద పెట్టాడు.

"బంట్రోతు అక్కర్లేదన్నది కూడా నేనే."

ఆ రెండో మాట అతను విన్నట్టు లేదు. వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటున్నాడు.

"రెండో సంత," అన్నాడు. "ఆ వారం బుద్రి బాగుంది. దానికో సిన్న బుట్ట అల్లిచ్చేను. పెరట్లో సెట్టు కింద పువ్వు ఏరీది. నిండా ఏరి అట్టుకొచ్చి నా నెత్తి మీద పోసీసి నవ్వీది. ఆ వారమంతా అదే ఆట."

వారం ముందు టీకా పడి ఉంటే ఆ పిల్ల బతికేదని నేను చెప్పలేను. అప్పటికే లోపల విషం చేరి ఉండవచ్చు. బతికేది కాదని కూడా చెప్పలేను. ఈ రెండు మాటలూ అతనితో అందామనుకున్నాను. అనలేదు.

సోంబరు మిగిలిన అంబలి తాగాడు. ముంత కడిగి అరుగు మీద బోర్లించాడు.

"ఎల్తానమ్మా," అన్నాడు లిదియాతో.

ఆమె వీధి చివరి దాకా అతనితో వెళ్లింది. తిరిగి వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది. చాలా రోజుల తర్వాత కూర్చుంది.

వచ్చే బుధవారం అతను రాడనుకున్నాను. వచ్చాడు. పొగాకు నములుతూ సంత ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాడు. ఉప్పు దగ్గర, బట్టల దగ్గర, చింతపండు దగ్గర ఆగి ముఖాలు చూసుకున్నాడు. మధ్యాహ్నానికి నా బల్ల ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"రాళ్లబంద వోళ్లు రానేదు. ఎల్లి సూడాల," అన్నాడు. బాబూ అనలేదు.

మర్నాడు నేను రాళ్లబంద వెళ్లాను. అక్కడ పెళ్లి జరుగుతోంది. ఆ పై వారం అతను ఇంకో ఊరి పేరు చెప్పాడు. అక్కడ జ్వరం ఉంది. ఆ ఏడాది బోర్డు నివేదికలో కొండ మీద టీకాల పని బంట్రోతు లేకుండానే సక్రమంగా జరుగుతున్నదని రాశారు. తర్వాత ఏ ఏడూ ఆ ఉద్యోగం తిరిగి రాలేదు. నేను సోంబరుని రమ్మని అడగలేదు. అతను నన్ను ఏమీ అడగలేదు. నాలుగు కోసులు దిగి వచ్చి, రాని ఊరి పేరు నాకు చెప్పి, ఉప్పు కొనుక్కుని, లిదియా పలకరిస్తే పలికి, నాలుగు కోసులు ఎక్కి వెళ్లేవాడు. కాళ్లు ఆడినంత కాలం, పదకొండేళ్లు, ఒక్క సంత మానలేదు.